జీతం పెంచినా టీమ్‌లో ఊపు రావట్లేదు, మనుషులకి ఇంకేం కావాలి?

మూలగది
బీమా క్లెయిములు పరిశీలించే టీమ్‌కి లీడ్‌ని. జీతాలు తక్కువని అందరూ బాధపడుతుంటే పైవాళ్ళతో పోట్లాడి మరీ ఈసారి మంచి ఇంక్రిమెంట్ ఇప్పించాను. రెండు నెలలు సందడిగా ఉంది. ఆ తర్వాత ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. పని ఆగట్లేదు, తప్పులూ పెద్దగా దొర్లట్లేదు. కానీ మనసు పెట్టి చేస్తున్నవాళ్ళు కనిపించట్లేదు. మీటింగులో ఏదైనా అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. ఇదివరకు ఒక బిల్లు తేడాగా అనిపిస్తే పక్క సీటు దగ్గరికి వెళ్ళి "ఇది చూడు, తేదీలు కలవట్లేదు" అని చర్చించుకునేవాళ్ళు. ఇప్పుడు చెక్‌లిస్టులో టిక్కు పెట్టి ముందుకు తోసేస్తున్నారు.

నిన్న టీమ్‌లో అందరికన్నా బాగా చేసే అమ్మాయి రాజీనామా ఇచ్చింది. వెళ్ళే చోట జీతం ఇంచుమించు ఇంతే. ఎందుకమ్మా అని అడిగితే "నేను చూసిన ఫైలు ఆ తర్వాత ఏమైందో నాకెప్పుడూ తెలియదు సార్" అంది. ఇంకా కారణాలు ఉండొచ్చు కానీ ఆ మాటే నన్ను పట్టుకుంది.

జీతం కాకుండా మిమ్మల్ని పని మీద నిలబెట్టేది ఏంటి? మీకు నిజంగా జరిగినవి చెప్పండి.

సూటిమాట
జీతమే. తక్కినవన్నీ జీతం ఇవ్వడం ఇష్టం లేనివాళ్ళు చెప్పే కబుర్లు. ఇంక్రిమెంట్ ఇచ్చామంటున్నారు సరే, ఇదే పనికి బయట ఎంత ఇస్తున్నారో చూశారా? అది తేల్చకుండా "ఇంకేం కావాలి" అని అడగడం సబబు కాదు.

మూలగది
చూశానండీ. ఇప్పుడు బయటికి సమానంగానే ఉంది. అందుకే అడుగుతున్నా.

తెల్లకోటు
@సూటిమాట గారు చెప్పింది సగం ఒప్పుకుంటా. ఇల్లు గడవనివాళ్ళకి పనిలో తృప్తి గురించి క్లాసు పీకకూడదు.

మిగతా సగానికి నా అనుభవం. నేను నర్సుని. ఒకే ఆసుపత్రిలో రెండు వార్డుల్లో చేశాను. జీతం అదే, రోగుల సంఖ్య కూడా దాదాపు అంతే. మొదటి వార్డు నుంచి అందరూ బదిలీ అడిగేవాళ్ళు. రెండో వార్డుకి వచ్చినవాళ్ళు కదిలేవాళ్ళు కాదు. తేడా అంతా హెడ్ నర్సు దగ్గర ఉంది. మొదటి వార్డులో వచ్చే వారం ఏ షిఫ్టో శనివారం రాత్రి దాకా తెలిసేది కాదు. రెండో చోట ఆవిడ నెల మొత్తం డ్యూటీ చార్టు ముందే గోడకి అంటించేవారు. కింద ఖాళీ జాగా వదిలి "మీలో మీరు మార్చుకుంటే ఇక్కడ రాసి ఇద్దరూ సంతకం పెట్టండి, నన్ను అడగక్కర్లేదు" అనేవారు.

ఇంకొకటి. డాక్టర్ రౌండ్స్‌కి వచ్చినప్పుడు మా తరఫున తను మాట్లాడేవారు కాదు. "రాత్రంతా ఈ పేషెంట్‌ని చూసింది ఈ అమ్మాయి, తననే అడగండి" అనేవారు. నేను చెప్పినదాన్ని బట్టి మందు మోతాదు మార్చిన రోజులు ఉన్నాయి. ఆ వార్డులో రాత్రి డ్యూటీకి వెళ్ళడం నాకు భారంగా ఉండేది కాదు.

చివరిబెంచీ
ఆ చార్టు ఫొటో ఉంటే పెట్టండి మేడమ్, మా సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టి పరిగెత్తుకొచ్చేస్తా 😄

పాతయంత్రం
కర్మాగారంలో మెయింటెనెన్స్ చేసి రిటైరయ్యాను. ఈ విషయం మీద ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే ఆయన చేసిన పని అప్పట్లో మాకు ట్రైనింగులో చెప్పారు. అమెరికాలో పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల సుమారు 200 మంది ఇంజనీర్లని, అకౌంటెంట్లని కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు వేశారు. ఉద్యోగంలో బాగా సంతోషపడిన సందర్భం ఒకటి చెప్పండి, బాగా విసిగిపోయిన సందర్భం ఒకటి చెప్పండి అని. ఫలితాలు 1959లో అచ్చయ్యాయి. సంతోషం అన్నప్పుడు జనం చెప్పినవి సాధించిన పని, దానికి వచ్చిన గుర్తింపు, చేసే పని, చేతికొచ్చిన బాధ్యత. విసుగు అన్నప్పుడు చెప్పినవి కంపెనీ రూల్సు, పైఅధికారి తీరు, పనిచేసే చోటు, జీతం. అంటే విసుగు పుట్టించేవాటిని సరిచేస్తే విసుగు పోతుంది, అంతే. పని మీద ఇష్టం దానంతటది పుట్టదు. మూలగది గారి రెండు నెలల సందడి నాకు దీన్నే గుర్తుచేసింది.

నా కళ్ళతో చూసింది చెప్తా. మా దగ్గర మోటారు బేరింగ్ మార్చాలంటే స్టోర్సు నుంచి తీసుకోవడానికి మూడు సంతకాలు కావాలి. రాత్రి షిఫ్టులో ఆ సంతకాలు పెట్టేవాళ్ళు ఉండరు. కాబట్టి ఫిట్టర్‌కి శబ్దం తేడా తెలిసినా ఊరుకునేవాడు. పూర్తిగా ఆగిపోయాక బ్రేక్‌డౌన్ కింద రాస్తే సామాను వెంటనే వచ్చేది మరి. తర్వాత వచ్చిన చీఫ్ ఇంజనీర్ ఒక విలువ దాకా విడిభాగాలు షిఫ్ట్ ఫిట్టర్ ఒక్క సంతకంతోనే తీసుకోవచ్చని ఆర్డర్ వేశాడు. అప్పట్నుంచి వాళ్ళు మోటారు మీద చెవి ఆనించి విని, దాని ఒంటి మీదే సుద్దతో తేదీ, తమ పొడి అక్షరాలు రాసి పెట్టడం మొదలెట్టారు. తర్వాతి షిఫ్టువాడు వచ్చి, మళ్ళీ విని, పక్కనే తన తేదీ రాసేవాడు. రూపాయి పెరగలేదు. కాకపోతే మోటారు వాళ్ళదైంది.

లెక్కలపిచ్చి
పాతయంత్రం గారూ, సుద్ద రాతల సంగతి చాలా బాగుంది. హెర్జ్‌బర్గ్ మీద మాత్రం గట్టి విమర్శే ఉంది. ఎవరినైనా అలా అడిగితే బాగా జరిగినదాన్ని తన ఖాతాలోనూ చెడినదాన్ని కంపెనీ ఖాతాలోనూ వేసుకోవడం మనిషి నైజం. కాబట్టి ఆ రెండు జాబితాల్లో కొంత భాగం ప్రశ్న అడిగిన పద్ధతి వల్లే అలా వచ్చి ఉండొచ్చు.

నాకు ఇంకా నమ్మకంగా అనిపించేది ఎడ్వర్డ్ డెసీ 1971లో ప్రచురించిన ప్రయోగం. విద్యార్థులకి చెక్క ముక్కలతో ఆకారాలు పేర్చే పజిల్ ఇచ్చారు. కొందరికి పేర్చినందుకు డబ్బులిచ్చారు, కొందరికి ఇవ్వలేదు. డబ్బు పుచ్చుకున్నవాళ్ళకి తర్వాత అది ఆపేశారు. ఆపేశాక ఖాళీ సమయంలో పజిల్ ముట్టుకోవడం వాళ్ళలో తగ్గింది. 1999లో డెసీ, ఇంకో ఇద్దరు కలిసి ఇలాంటి 128 ప్రయోగాలు ఒకచోట చేర్చి చూశారు. "ఇది చేస్తే ఇది ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చే బహుమతి ఆసక్తిని తగ్గిస్తోంది. బాగా చేశావని నోటితో చెప్పిన మాట పెంచుతోంది.

ఇది ఆసక్తి ఉన్న పనుల సంగతి. మొదట్నుంచీ విసుగు పుట్టించే పనిలో తగ్గడానికి అసలు ఆసక్తే ఉండదు కాబట్టి ఈ నష్టం కనపడదు. డబ్బు పనిచేయదనీ అనలేం. అమెరికాలో కార్ల ముందు అద్దాలు బిగించే ఒక కంపెనీ గంటల లెక్కన ఇచ్చే జీతం మానేసి అద్దాల లెక్కన ఇవ్వడం మొదలెడితే మనిషికి సగటున 44 శాతం పని పెరిగింది. ఎడ్వర్డ్ లేజియర్ అనే ఆర్థికవేత్త 2000లో ప్రచురించారు. అందులో సుమారు సగం ఉన్నవాళ్ళే ఎక్కువ చేయడం వల్ల, మిగతాది చురుకైనవాళ్ళు వచ్చి చేరడం లాంటి కారణాల వల్ల.

సూటిమాట
44 శాతం! నేను చెప్పిందే కదా. ఫోర్డ్ సంగతి కూడా గుర్తుచేసుకోండి. 1914లో రోజు కూలి 5 డాలర్లు చేశాడు, అంతకుముందుకి రెట్టింపు. మనుషులు మానేయడం ఒక్కసారిగా తగ్గిపోయింది.

పాతయంత్రం
ఫోర్డ్ కథలో ముందు భాగం వదిలేశారు. 1913లో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాడు. అంతకుముందు ఒక మనిషి చాలా పనులు చేసేవాడు, లైన్ వచ్చాక రోజంతా ఒకే బోల్టు. ఆ ఏడాది సుమారు 14,000 మంది సిబ్బందిని నిలబెట్టుకోవడానికి 50,000 మందికి పైగా కొత్తవాళ్ళని తీసుకోవాల్సి వచ్చింది. పని అంత భరించలేనిదిగా చేసినందుకు కట్టిన మూల్యం ఆ 5 డాలర్లు. డబ్బుతో వాళ్ళు ఆగారు, నిజమే. బోల్టు మీద ప్రేమ పుట్టి ఆగలేదు.

గిడ్డంగి
పెద్ద స్టోర్ గోడౌన్‌లో సామాను ఏరే పని నాది. చేతిలో స్కానర్ ఉంటుంది. గంటకి ఇన్ని వస్తువులని టార్గెట్, తగ్గితే స్క్రీన్ ఎర్రగా మారుతుంది. బరువైన పెట్టెలన్నీ కింది అరలోనే ఉండేవి. నడుములు పోతున్నాయి, నడుము ఎత్తు అరలోకి మార్చండని మేము అడుగుతూనే ఉన్నాం. కొత్త సూపర్‌వైజర్ ఒక ఆదివారం మమ్మల్నే పిలిచి ఏ సామాను ఎక్కడుంటే బాగుంటుందో సర్దమన్నాడు. ఓవర్‌టైమ్ కూడా కట్టించాడు. ఇప్పుడు ఏదైనా తప్పు అరలో కనిపిస్తే మావాళ్ళే తీసి సరైన చోట పెడుతున్నారు. ముందైతే చూసి కూడా వెళ్ళిపోయేవాళ్ళం.

ఐదింటికిబై
అందరూ పనిలో అర్థం, తృప్తి అంటున్నారు. నాకవి పనిలో అక్కర్లేదు. నేను సంగీతం నేర్చుకుంటున్నా, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చేస్తా, ఐదింటికి లేస్తా. లేచినప్పుడు ఎవరూ గడియారం వంక చూడకుండా ఉంటే ఆ కంపెనీలో పదేళ్ళైనా ఉంటా. నాలాంటి వాళ్ళని "ఉత్సాహం లేనివాళ్ళు" అని లెక్కేస్తే మాత్రం బాధగా ఉంటుంది. మూలగది గారూ, మీ టీమ్‌లో మౌనంగా ఉన్నవాళ్ళలో ఇలాంటివాళ్ళూ ఉండొచ్చు, ఒకసారి చూడండి.

తెల్లకోటు
@ఐదింటికిబై మీ మాటకి నా ఓటు. ఆ డ్యూటీ చార్టు మాకు ఇచ్చింది కూడా అదే. మా సమయం మా చేతిలో ఉండేది.

బైట్లబండి
సాఫ్ట్‌వేర్ మనిషిని. మా టీమ్ ఏడాదికి పైగా కట్టిన సిస్టమ్‌ని ఒక మధ్యాహ్నం రెండు లైన్ల మెయిల్‌తో ఆపేశారు. జీతాలు తగ్గలేదు, ఎవరినీ తీసేయలేదు, బోనస్ కూడా వచ్చింది. అయినా ఆ తర్వాత మూడు నెలల్లో సగం మంది వెళ్ళిపోయారు. వ్యాపారంలో ప్రాజెక్టులు ఆగుతాయి, అది మాకూ తెలుసు. ఎందుకు ఆపారో, మేం కట్టినదాంట్లో ఏ ముక్కైనా ఇంకెక్కడన్నా వాడతారో చెప్పడానికి ఒక్కరూ రాలేదు.

డాన్ ఏరియలీ వాళ్ళు 2008లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. లెగో ముక్కలతో బొమ్మలు చేయించారు, బొమ్మకింత అని డబ్బు. ఒక గుంపు చేసిన బొమ్మల్ని బల్ల మీద వరసగా పెట్టారు. రెండో గుంపువాళ్ళు తర్వాతి బొమ్మ చేస్తుండగా ముందు చేసినదాన్ని వాళ్ళ కళ్ళెదుటే విప్పేశారు. ఇద్దరికీ ఒకటే రేటు. మొదటి గుంపు సగటున 10.6 బొమ్మలు చేసింది, రెండోది 7.2 దగ్గర ఆపేసింది. అది చదివినప్పుడు మా మెయిల్ గుర్తొచ్చి చాలాసేపు ఏమీ తోచలేదు.

మూలగది
@బైట్లబండి గారూ, రాజీనామా ఇచ్చిన మా టీమ్ అమ్మాయి చెప్పింది ఇదే అనిపిస్తోంది. మా దగ్గర ఫైలు "తదుపరి స్థాయి" అనే బటన్‌తో మాయమైపోతుంది. ఆ కుటుంబానికి డబ్బు అందిందా, తిరస్కరించారా, ఎవరైనా అప్పీలు చేశారా, పరిశీలించినవాళ్ళకి తెలిసే దారే లేదు. ఖాతాదారుల వివరాలు గోప్యం కాబట్టి ఎంతవరకు చూపించొచ్చో నాకు సందేహం.

లెక్కలపిచ్చి
పేర్లు అక్కర్లేదండీ, "చెల్లించారు, ఇన్ని రోజులు పట్టింది" అని ఒక్క ముక్క తెలిస్తే చాలు. ఆడమ్ గ్రాంట్ వాళ్ళు 2007లో ప్రచురించినది దీనికి దగ్గరగా ఉంటుంది. ఒక యూనివర్సిటీకి ఫోన్లు చేసి విరాళాలు అడిగే కాల్ సెంటర్. అక్కడ పనిచేసే కొందరికి, ఆ విరాళాలతో స్కాలర్‌షిప్ అందుకున్న ఒక విద్యార్థిని కొద్ది నిమిషాలు కలిసే వీలు కల్పించారు. నెల తర్వాత చూస్తే వాళ్ళు ఫోన్‌లో గడిపే సమయం రెట్టింపు దాటింది, తెచ్చిన విరాళాలు కూడా రెట్టింపు దాటాయి. ఆ విద్యార్థి రాసిన ఉత్తరం మాత్రమే చదివినవాళ్ళలో అంత మార్పు లేదు. ఎదురుగా మనిషిని చూడటంలో ఏదో ఉంది.

ఉదయరాగం
హెచ్‌ఆర్‌లో చేస్తాను. వెళ్ళిపోయేవాళ్ళు ఫారంలో "మంచి అవకాశం వచ్చింది" అనే రాస్తారు. తలుపేసి కూర్చుని మాట్లాడితే వచ్చేవి వేరు. ఎక్కువగా వినేది జీతం తక్కువన్న మాట కాదు. "పక్క సీటులో అదే పని చేసేవాడికి నాకన్నా ఎక్కువెందుకు" అన్నది. దీని మీద 2012లో వచ్చిన ఒక పరిశోధన నాకెప్పుడూ గుర్తుంటుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ ఉద్యోగుల జీతాలు ఒక వెబ్‌సైట్‌లో అందరూ చూడొచ్చు. కొంతమందికి ఆ సంగతి మెయిల్ పెట్టి చెప్పారు. చూసుకున్నాక, సాటివాళ్ళ మధ్యస్థ జీతం కన్నా తక్కువున్నవాళ్ళలో అసంతృప్తి పెరిగింది, వేరే ఉద్యోగం వెతకాలన్న ఆలోచన పెరిగింది. ఎక్కువున్నవాళ్ళకి మాత్రం అదనంగా సంతోషమేమీ కలగలేదు.

మూలగది గారూ, మీరు ఇప్పించిన ఇంక్రిమెంట్ ఎవరికి ఎంత వచ్చింది, ఏ లెక్కన అని టీమ్‌కి చెప్పారా? చెప్పకపోతే ఈపాటికి వాళ్ళంతట వాళ్ళే కనుక్కుని ఉంటారు, లెక్క తెలియకుండా అంకెలు మాత్రమే.

సూటిమాట
ఇదీ మాట. డబ్బు కాదు, లెక్క అంటారా, సరే, ఒప్పుకుంటా.

గోడంచు
ప్రభుత్వ ఆఫీసులో గుమస్తాని. మాకు ఉద్యోగ భద్రత ఉంది, జీతం నెల మొదట్లో పడుతుంది. పై లెక్కలన్నీ డబ్బువైతే మా ఆఫీసు కళకళలాడాలి. మా సెక్షన్‌లో పెద్ద బాధ ఏంటంటే ఫైలు మీద మేం రాసిన నోట్‌కి విలువ ఉండదు. కారణాలతో సహా రాసి పంపితే ఒక్క ముక్క లేకుండా "చర్చించండి" అని వెనక్కొస్తుంది. చర్చించడానికి వెళ్తే సార్ ఉండరు.

బ్రిటన్ ప్రభుత్వ ఉద్యోగుల మీద మైకేల్ మార్మోట్ వాళ్ళు దశాబ్దాలుగా చేస్తున్న వైట్‌హాల్ అధ్యయనం చదివాక నాకు మా ఆఫీసు అర్థమైంది. 1985లో మొదలైన రెండో అధ్యయనంలో పదివేల మందికి పైగా ఉన్నారు. తన పని ఎలా చేయాలో తను నిర్ణయించుకునే వీలు తక్కువున్నవాళ్ళకి గుండెజబ్బు ముప్పు ఎక్కువని 1997లో వెల్లడించారు. కింది స్థాయి ఉద్యోగుల్లో ఆ జబ్బు ఎక్కువ కనిపించడానికి కూడా ఇదొక ముఖ్య కారణమని తేల్చారు. ఉత్సాహం మాట అటుంచండి, ఒంటికే మంచిది కాదు.

చివరిబెంచీ
గోడంచు గారూ, "చర్చించండి" అని రాసి మళ్ళీ సార్‌కే పంపే వీలుందా 😀

మూలగది
అన్నీ చదువుతున్నా. ఇక్కడ నా పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. జీతాల స్లాబులు నా చేతిలో లేవు. మా పై మేనేజర్ మోటివేషన్ స్పీకర్‌ని పిలిపిద్దాం, ఒక రోజు ఆటలు పెడదాం అంటున్నారు. నెలకొకరికి "ఉత్తమ ఉద్యోగి" సర్టిఫికెట్ కూడానట. ఏమంటారు?

గిడ్డంగి
ఆటల రోజు టార్గెట్ తగ్గిస్తారా? మాకు తగ్గించలేదు. మర్నాడు రెండు రోజుల పని చేశాం.

బైట్లబండి
స్పీకర్ వద్దు.

ఐదింటికిబై
ఆటలు ఐదు తర్వాతైతే అసలొద్దు.

ఉదయరాగం
సర్టిఫికెట్ సంగతి నేను చూసినంతలో ఇలా జరుగుతుంది. మొదటి రెండు నెలలు నిజంగా అర్హులకే వస్తుంది, తర్వాత "అతనికి ఇంకా రాలేదు కదా" అని వంతులవారీగా ఇస్తారు. అక్కడితో దానికి విలువ పోతుంది. మెచ్చుకోవాలంటే ఏం చేశారో పేరు పెట్టి చెప్పండి. "ఆ ఆసుపత్రి బిల్లులో డిశ్చార్జ్ తేదీ తేడా నువ్వు పట్టుకున్నావు కాబట్టి ఆ కుటుంబానికి తిరస్కరణ తప్పింది" అంటే అందులో వాళ్ళు నేర్చుకునేది కూడా ఉంటుంది.

ముందు మాత్రం ఒక్కొక్కరితో విడిగా కూర్చోండి. "ఏం కావాలి" అని అడగకండి, దానికి జీతం అనే చెప్తారు. "ఈ వారం నీ పనికి అడ్డుపడింది ఏంటి" అని అడగండి. వాళ్ళు చెప్పినవాటిలో మీ చేతిలో ఉన్నది ఒకటి వారం లోపు చేసి చూపించండి. కానిది కాదని మొహం మీదే చెప్పండి. "చూద్దాం" అంటే మళ్ళీ ఎవరూ నోరు తెరవరు.

మూలగది
ఉదయరాగం గారు చెప్పినట్టు అందరితో విడివిడిగా మాట్లాడాను. ఇద్దరు జీతం గురించే మాట్లాడారు, అందులో ఒకరికి న్యాయంగా ఇంకా రావాల్సి ఉంది, అది మేనేజర్‌కి రాతపూర్వకంగా పంపాను. ఒకాయన అచ్చం @ఐదింటికిబై గారు చెప్పినట్టే. పని మీద కోపం లేదు, సాయంత్రం మీటింగులు పొద్దుటికి మార్చమన్నాడు. మార్చేశాను.

మిగతావాళ్ళందరూ తిప్పి తిప్పి చెప్పింది ఒకటే. చిన్న మొత్తం క్లెయిమైనా పై అనుమతికి వెళ్ళాలి. అక్కడ రెండు మూడు రోజులు ఆగుతుంది. ఈలోపు ఆ ఖాతాదారు ఫోన్ చేసి తిట్టేది పరిశీలించినవాళ్ళని. వీళ్ళు తమ వంతు ఎప్పుడో పూర్తిచేసి ఉంటారు. ఒకమ్మాయి "నేను ఓకే అని రాశాక కూడా నా దగ్గర జవాబుండదు సార్, ఇక ఎంత జాగ్రత్తగా చూస్తే ఏంటి" అంది. చెక్‌లిస్టు టిక్కులు ఎందుకొచ్చాయో అప్పుడు తెలిసింది. ఫలితం చూపించే రిపోర్టు ఐటీవాళ్ళు ఇస్తామన్నారు, పేర్లు లేకుండా.

పాతయంత్రం
మా బేరింగ్ కథే ఇది! ఒక మొత్తం దాకా పరిశీలించినవాళ్ళ సంతకంతోనే చెల్లింపు వెళ్ళేలా అడగండి. నెలకి కొన్ని ఫైళ్ళు తీసి తర్వాత తనిఖీ చేసుకోవచ్చు. మా చీఫ్ కూడా స్టోర్సు రిజిస్టరు నెలాఖరున చూసేవాడు, ముందు అడ్డం పడేవాడు కాదు.

సూటిమాట
అడగండి, కానీ నాదో మాట. మంజూరు చేసే అధికారం ఇస్తే అది పై గ్రేడు పని అవుతుంది. రేపు ఒక క్లెయిము తప్పైతే సంజాయిషీ కూడా వాళ్ళే ఇవ్వాలి. బాధ్యత ఇచ్చి గ్రేడు ఇవ్వకపోతే మళ్ళీ నా మొదటి పోస్టుకే వస్తాం.

లెక్కలపిచ్చి
ఈసారి సూటిమాట గారి పక్షం నేను. పని పెంచి దానికి "సాధికారత" అని పేరు పెట్టడం చాలాచోట్ల చూశా.

మూలగది
న్యాయమే. అయితే ఒకే నోట్‌లో రెండూ పెడతా, మంజూరు పరిమితీ, దానికి తగ్గ గ్రేడూ. గ్రేడు ఇవ్వడం కుదరదంటే పరిమితి కూడా అడగను, టీమ్‌కి ఆ మాట చెప్పేస్తా. ఇలాంటి నోట్ ఎవరైనా రాశారా?

ఉదయరాగం
మా దగ్గర పెట్టాం. ఏ స్థాయివాళ్ళు ఎంత మొత్తం దాకా మంజూరు చేయొచ్చో, తప్పు జరిగితే ఎవరు జవాబు చెప్పాలో ఒక పట్టికలో ఉంటుంది. కంపెనీ వివరాలు తీసేసి నమూనా మీకు మెసేజ్ చేస్తా. తప్పు అంటే ఏంటో అందులోనే రాసుకోండి. నిబంధన ప్రకారం చూసి నష్టమైతే తప్పు కాదు, చూడకుండా పంపితే తప్పు. ఈ ఒక్క వాక్యం లేకపోతే అధికారం ఇచ్చినా భయపడి ఎవరూ వాడరు. మాకు మొదటి నెల అదే జరిగింది, ఆ వాక్యం చేర్చాకే ఫైళ్ళు కదిలాయి.

గోడంచు
ఉదయరాగం గారూ, ఆ నమూనా నాక్కూడా పంపండి.